సగం ఊపిరితో బౌలింగ్

నేను బతికే ఉన్నాను. ఈ ముక్క మొదటే చెప్పాలి. ఎందుకంటే మా కట్టంగూర్‌లో నన్ను ఒకసారి చంపేశారు. గుట్ట మీది క్షయ దవాఖానలో నేను మంచం మీద కూర్చొని గంజి తాగుతున్న రోజుల్లోనే, పక్క ఊరి చుట్టాలు మా ఇంటి ముందు దిగి శోకాలు పెట్టారట. నన్ను కన్న బాపే వాళ్లను ఆపి, "ఇంక సావలేదు. లోపటికి రాండ్రి, అంబలి తాగి పోండ్రి" అన్నాడట. ఆ తరువాత ఒక పత్రికలో నన్ను 'మాజీ ఆటగాడు' అని రాశారు. చుట్టాల శోకాలకు నవ్వుకున్నాను గాని, ఆ 'మాజీ' అన్న మాటకు మాత్రం చాలా రోజులు మండిపోయాను.

రాయమని పోరింది నా భార్య యాదమ్మ. "గదంత కడుపుల వెట్టుకొని తిరుగుతున్నవ్. కాయితం మీద పారెయ్యరాదు, జర నిద్రన్న వస్తది" అంది. నిద్ర కోసం కొంత, ఈ రోగం పేరు వింటేనే సగం చచ్చిపోయే మా జిల్లా వాళ్ల కోసం కొంత, ఇది రాస్తున్నాను. డాక్టర్లు చెప్పే సంగతులు డాక్టర్లే చెప్పాలి. నాకు ఒంట్లో ఏమనిపించిందో, ఇంట్లో ఏం జరిగిందో అంతే చెబుతాను.

మాది గొర్రెల ఇల్లు. తాతల నాటి నుంచి మంద వెంట తిరగడమే పని. ముందు నడిచే మేకపోతు చేలో పడకుండా మళ్లాలంటే దాని మూతి ముందర రాయి పడాలి. తగలకూడదు, దూరమూ పడకూడదు. నా చేతికి గురి అక్కడ కుదిరింది. నల్లగొండ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు ఆ చేతిలో తోలు బంతి పెట్టి, ఉరికి వచ్చి వేయమన్నాడు. అది మొదలు ఉరుకుతూనే ఉన్నాను. పట్నంలో ఒక కంపెనీ క్రికెట్ ఆడటానికే నన్ను కొలువులో పెట్టుకుంది. అక్కడి నుంచి రాష్ట్రం జట్టు, దాని మీద దేశం జట్టు. ఓడ ఎక్కి పరాయి దేశం కూడా పోయి, చలికి పళ్లు టకటకలాడుతుంటే బంతులు వేసి వచ్చాను. నా ఆటలో గొప్ప తెలివేమీ లేదు. దూరం నుంచి ఉరికి రావడం, ఒంట్లో ఉన్న బలమంతా బంతికి ఇవ్వడం. అలసట అనేది ఒకటుందని నాకు తెలియదు. అదే నా కొంప ముంచింది.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది. దసరా వెళ్లిన తరువాత దగ్గు మొదలైంది. అప్పట్లో చాలా చోట్ల కొబ్బరినార చాప పరిచి దాని మీద ఆడేవాళ్లం. బంతి పడినప్పుడల్లా చాపలోంచి దుమ్ము లేస్తుంది. బౌలర్లందరూ దగ్గుతారు, నేనూ దగ్గాను. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. తెల్లవారేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. ఫాస్ట్ బౌలరుకు చెమట పట్టడం కూడా ఒక రోగమేనా? బరువు తగ్గుతున్నానని కెప్టెన్ కూడా కనిపెట్టాడు. "ఒళ్లు తేలికపడింది, ఇంకా వేగం వస్తుంది" అని మెచ్చుకున్నాడు. నేను మురిసిపోయాను కూడా.

ఇక మరక సంగతి. బంతి నునుపు పోకుండా బౌలరు దాన్ని ప్యాంటుకు రుద్దుతూ ఉంటాడు. తెల్ల ప్యాంటు మీద తొడ పక్కన ఎర్రటి చారలు పడతాయి. అవి మాకు సిగ్గు కాదు, గొప్ప. చారలు ఎక్కువ ఉన్నవాడు ఆ రోజు ఎక్కువ కష్టపడ్డట్టు లెక్క. దగ్గు వచ్చినప్పుడు నేను చేత్తో మూతి తుడుచుకొని, ఆ చేతిని అదే ప్యాంటుకు రాసుకునేవాణ్ణి. చేతికి ఎరుపు కనిపించేది. పొద్దంతా ఎర్ర బంతి పట్టుకున్న చేయి ఎర్రగా కాక మరెట్లా ఉంటుంది? ఇట్లాంటి పొరపాటు రైతు చేయడు, బడిపంతులు చేయడు. ఎర్ర బంతితో బతికేవాడే చేస్తాడు.

మేము అప్పుడు పట్నంలో ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లం. ఒక పొద్దున యాదమ్మ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతూ నన్ను పిలిచింది.

"గీ మరక ఏందయ్యా?"

"బంతిది."

"బంతి మరక నాకు ఎరుకలేదా? అది ఎంత ఉతికినా ఎర్రగనే ఉంటది. గిది నల్లవడ్డది."

"మట్టి తగిలి ఉంటది. జర లొల్లి వెట్టకు."

ఆమె లొల్లి పెట్టలేదు. లోపలికి పోయి నా దిండు తెచ్చి ముందర వేసింది.

"మరి గిదేంది? దిండుకు గూడ బంతి రుద్దినవా?"

నవ్వబోయాను. నవ్వు కాస్తా దగ్గయింది. దగ్గు ఆగేసరికి ఆమె నా అరచేతిలోని ఎరుపును చూస్తూ ఉంది, నేనూ చూశాను. ఆ పూట నేను బంతి ముట్టనే లేదు. అక్కడే తడి బండ మీద కూర్చుండిపోయాను. ఎంత వేగంగా వచ్చే బంతికైనా ఎదురు నిలబడ్డవాణ్ణి, నాకు భయం అంటే ఏమిటో ఆ నల్లా దగ్గర తెలిసింది.

పెద్ద దవాఖానలో ఛాతీ రోగాల వాళ్లకు వేరే వరండా ఉండేది. పొడుగు బెంచీలు. ఆ బెంచీల మీద ఎవరూ ఎవరికీ ఆనుకొని కూర్చోరు. ఇద్దరి నడుమ ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, దాని మీద ఎక్స్‌రే సంచీ పెడతారు. నేను టోకెను పట్టుకొని నిలబడి ఉంటే, సూటు వేసుకున్న ఒకాయన దారిన పోతూ ఆగాడు. బౌలరు మల్లయ్యవు నువ్వేనా అని అడిగి, ఉబ్బిపోయి, మద్రాసులో నా ఆట చూశానని చెప్పి చేయి కలపబోయాడు. ఇంతలో గోడ మీద బోర్డు చదివాడు. చాచిన చేయి వెనక్కి పోయి జేబులో దూరింది. "మీ వాళ్లెవరికైనా బాగలేదా?" అని అడిగాడు. "నాకే" అన్నాను. అతను ఎంత త్వరగా వెళ్లిపోయాడంటే, వికెట్ల మధ్య అంత చురుగ్గా ఉరికేవాళ్లను నేను తక్కువ మందిని చూశాను.

కోపం వచ్చింది. అప్పుడే బెంచీ చివర కూర్చున్న ఒక ముసలమ్మ తన మూటను ఒళ్లోకి తీసుకొని, చీర కొంగుతో చెక్కను తుడిచింది. "కూసో కొడుకా. ఎంతసేపని నిలవడ్తవ్" అంది. నేను ఆమె పక్కన ఆనుకొని కూర్చున్నాను. ఆమె మూటలోంచి ఉడకబెట్టిన పల్లికాయలు తీసి నా చేతిలో పోసింది. ఆమె పేరు నాకు తెలియదు. మళ్లీ కనిపించలేదు. ఆ పల్లికాయల రుచి మాత్రం నోట్లోనే ఉంది.

డాక్టరు సాబ్ పెద్ద వయసు మనిషి, ముక్కుసూటి మనిషి. కుడి వైపు ఊపిరితిత్తి బాగా చెడిందని చెప్పాడు. మందులు వచ్చాయి, ఇది వెనకటి కాలం కాదు, బతుకుతావు అన్నాడు. నేను అడిగింది ఒక్కటే.

"సాబ్, జనవరిల మ్యాచ్ ఉన్నది. గప్పటికి తగ్గుతదా?"

ఆయన నన్ను చూడటం మానేసి యాదమ్మను చూశాడు. "అమ్మా, నీ మనిషికి ఇంకా సమజ్ కాలేదు. నువ్వన్న సమజ్ చేసుకో. ఏడాది. పండుకోవాలె. గంతే."

మా బిడ్డ లచ్చిమికి అప్పుడే నడక వచ్చింది. దాన్ని రామన్నపేటలో మా అత్తగారింటికి పంపించాం. పంపే రోజు నేను గది లోపల, అది వాకిట్లో. రెండు చేతులూ చాచి నా దిక్కు నడిచి వస్తుంటే యాదమ్మ అడ్డం పడి ఎత్తుకుంది. లచ్చిమి ఏడ్చింది. నేను తలుపు వేసుకున్నాను. నా రోగం మొత్తంలో నన్ను బాగా ఏడిపించింది సూదులు కాదు, ఆ తలుపు.

యాభై తొమ్మిది ఎండాకాలం నాటికి గుట్ట మీది దవాఖానలో నాదొక ఇనుప మంచం. అక్కడి నియమాలు నాలాంటివాడి కోసమే రాసినట్టుండేవి. లేవరాదు. గట్టిగా మాట్లాడరాదు. గట్టిగా నవ్వరాదు. నాకు మాత్రం ఇంకొకటి ఎక్కువ పెట్టారు, కుడి చేయి భుజం దాటి పైకి లేపరాదు. ఆ చేయి పైకి లేస్తేనే నాకు కూడు. చేతిని పక్కన పడేసుకొని పడుకుంటే అది నాది కాదన్నట్టు, ఎవరో నా దగ్గర పెట్టి మరిచిపోయిన సామానులా ఉండేది.

పక్క మంచం సత్తయ్యది. అచ్చంపేట దిక్కు బస్సుల్లో కండక్టరు. ఆ దుమ్ములో, ఆ జనంలో, ఏళ్ల తరబడి దగ్గుతూ టికెట్లు కొట్టినవాడు. రోగం అతన్ని సగానికి సగం తిన్నది గాని, నోటిని ముట్టుకోలేదు. నేను ఎవరో తెలిసిన రోజున, "నువ్వు దేశానికి ఆడినవా? మరి నా పక్కకెందుకొచ్చి పడ్డవ్ బిడ్డా? తప్పు బస్సెక్కినవ్" అన్నాడు.

నా పెట్టెలో ఒక పాత బంతి ఉంది. దాన్ని దుప్పటి కింద పెట్టుకొని, పడుకొనే ఉండి వేళ్లతో కుట్టును తడిమేవాణ్ణి. మొదట అది ఊరికే పోని అలవాటు. తరువాత ఒక ఆలోచన తట్టింది. చేయి లేపొద్దన్నారు, ఉరకొద్దన్నారు. వేళ్లను ఎవరూ ఏమీ అనలేదు కదా! ఇన్నాళ్లూ నేను బంతిని భుజంతో, కాళ్లతో వేశాను. వేళ్లతో బంతిని తిప్పేవాళ్లను చూసి, అది ముసలివాళ్ల పని అని ఎగతాళి చేసినవాణ్ణి. ఇప్పుడు పడుకొనే బంతిని చూపుడు వేలితో మెలిపెట్టి, జానెడు ఎత్తు ఎగరేసి, అది తిరుగుతూ వస్తుంటే పట్టుకోవడం మొదలుపెట్టాను.

ఒకరోజు అది జారి నేల మీద దొర్లుకుంటూ పోయి సిస్టరు కాళ్ల దగ్గర ఆగింది. ఆమె గుంటూరు వైపు మనిషి. ఆమె కోపానికి వార్డంతా హడలు. బంతి తీసి ఇటూ అటూ తిప్పి చూసింది.

"చెయ్యి పైకెత్తారో, దీన్ని తీసుకెళ్లి నూతిలో పడేస్తాను. వేళ్లు కదుపుకుంటే మాత్రం నేను చూళ్లేదు" అంది. నా దిండు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి సత్తయ్యే నా అంపైరు. బంతి నా వేళ్ల మధ్య బాగా తిరిగితే "రైట్ రైట్" అనేవాడు. చేజారితే "హోల్డాన్" అనేవాడు. బ్యాట్స్‌మన్ ఔటయ్యాడని అతనికి తోస్తే, "దిగు దిగు, నీ స్టేజీ వచ్చింది" అని గాలిలోకి చేయి ఊపేవాడు. గట్టిగా నవ్వకూడదు కాబట్టి ఇద్దరం దుప్పట్లు నోట్లో కుక్కుకొని నవ్వేవాళ్లం. వేలు కాయ కాచింది. కాయ పగిలి మళ్లీ కాచింది.

వానలు పడే నాటికి సత్తయ్య మాట సన్నగిల్లింది. అతని రోగం ముదిరిన తరువాత వచ్చి చేరాడు, మందులు అందుకోలేకపోయాయి. ఒక మధ్యాహ్నం నన్ను అడిగాడు.

"నువ్వు మళ్ల ఆడితె రేడియోల జెప్తరా?"

"చెప్తరు."

"నీ పేరు వెట్టి చెప్తరా?"

"పేరు వెట్టే చెప్తరు అన్నా."

"గట్లయితె ఆడు" అన్నాడు.

రెండు రోజుల తరువాత అతని మంచం ఖాళీ అయింది. పరుపు తీసుకుపోయి ఎండలో వేశారు. నాకు దేవుడి మీద కోపం వచ్చింది, బస్సుల మీద కోపం వచ్చింది, ఆ దగ్గును ఏళ్ల తరబడి విని కూడా 'దవాఖానకు పో' అనని ప్రతి మనిషి మీదా కోపం వచ్చింది. ఇది చదివే వాళ్లకు ఒక మాట గట్టిగా చెబుతున్నాను. దగ్గు పట్టుకొని వదలకపోతే దుమ్ము మీద, చలి మీద నెట్టకండి. పోయి చూపించుకోండి. మందులు మొదలుపెట్టాక ఒళ్లు తేలికైందని మధ్యలో ఆపకండి. ఆపినవాళ్లు మళ్లీ అదే వార్డుకు వచ్చి, ముందుకంటే అధ్వాన్నంగా పడుకోవడం నేను చూశాను.

చలికాలం తిరిగి వచ్చింది. డాక్టరు సాబ్ కొత్త ఎక్స్‌రేను కిటికీకి ఆనించి చూపించాడు. రోగం ఆగింది. కాని కుడి వైపు తిత్తి ముడుచుకుపోయి మచ్చ కట్టింది, అది ఇక విచ్చుకోదు.

"చూడు మియా. నీకు సగం ఊపిరి ఉన్నది. సగం ఊపిరితో మనిషి బతుకుతడు, కొలువు చేస్తడు, పిల్లలను సాకుతడు. ఉరికి ఉరికి బంతి మాత్రం వెయ్యడు. గా ఆట ఖతం."

"నడుసుకుంట వేస్తే?"

"నడుసుకుంట బంతి ఎవడు వేస్తడు?"

"నేనేస్త సాబ్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆరు నెలలు ఊళ్లో ఉండి, మందులు వాడి, మెల్లగా నడవమన్నాడు. ఆ తరువాత వచ్చి కనిపిస్తే అప్పుడు చూద్దామన్నాడు. వద్దు అని మాత్రం అనలేదు. నాకు అది చాలు.

అరవై, శివరాత్రి నాటికి కట్టంగూర్ చేరాను. లచ్చిమి నన్ను గుర్తుపట్టలేదు. యాదమ్మ కాళ్ల చాటున దాక్కొని, "గాయన ఎవరు?" అని అడిగింది. "మీ నాయిన" అంటే నమ్మలేదు. నాకు అంటు లేదని డాక్టరు రాసి ఇచ్చినా, కొందరు మా గడప తొక్కడం మానేశారు. బాపు మాత్రం నా కంచంలో మిగిలిన అన్నం తీసుకొని అందరూ చూస్తుండగా వాకిట్లో కూర్చొని తిన్నాడు. తిని చేయి కడుక్కొని మంద దిక్కు పోయాడు.

మొదట్లో మంద వెనక నడిచాను. బాపు కావాలనే ఈనిన గొర్రెలను, కుంటివాటిని వెనక నడిపించేవాడు. నేను వాటితో. ఊపిరి అందనప్పుడు బండ మీద కూర్చునేవాణ్ణి. ఎండలు ముదిరే నాటికి ముందు నడిచే మేకలను అందుకోగలిగాను. అప్పుడు బంతి బయటికి తీశాను.

మా కళ్లం గట్టిగా ఉంటుంది గాని, వట్టి నేల మీద తిరిగే బంతి నిలబడదు, జారిపోతుంది. చాప కావాలి. ఇంట్లో ఒక గొంగడి తీసి పరిచి, నాలుగు మూలలకు మేకులు కొట్టాను. ముతక ఉన్ని గొంగడి మీద బంతి పడితే అబ్బ! పాము తిరిగినట్టు తిరిగింది. నాకు సంతోషంతో కేక పెట్టాలనిపించింది. అంతలో బాపు వచ్చాడు.

మా ఇండ్లలో గొంగడిని తొక్కరు. మా దేవుడు బీరప్ప పూజకు పరిచేది గొంగడినే. చలికి, వానకు, పండుకోవడానికి, బిడ్డను మోయడానికి అదే. దానికి మేకులు కొట్టి, దాని మీద తోలు బంతి కొడుతున్న కొడుకును చూసి బాపు వణికిపోయాడు.

"సచ్చి బతికి వచ్చింది గిందుకేనారా? గా బంతే నిన్ను తిన్నది. పందెంల కాలిరిగిన పొట్టేలును మళ్ల పందెంల ఇడుస్తరా ఎవడన్న?"

"నేను పొట్టేలును గాదు బాపు."

"కావు. పొట్టేలుకు బుద్ధి ఉంటది."

యాదమ్మ కుండ దింపి మధ్యలోకి వచ్చింది. "ఆడనియ్యి మామా. ఆడకుంటె గీయన మంచిగుండడు, మనల మంచిగుండనియ్యడు. రోజూ గోడలు సూసుకుంట కూసుంటె నాకు భయమైతాంది" అంది. చెబుతూనే ఏడ్చేసింది. అంతకుముందు ఏడాదిన్నరగా ఆమె నా ముందర ఏడవలేదు. బాపు గొంగడి మేకులు ఒక్కొక్కటే పీకి, దులిపి, మడతపెట్టి లోపలికి తీసుకుపోయాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగింది గాని ఎవరూ సరిగా తినలేదు.

మరునాడు పొద్దున కళ్లంలో రెండు పాత జనప గోనె సంచులు కలిపి కుట్టిన పట్ట ఒకటి పరిచి ఉంది. దబ్బనం ఇంకా బాపు చేతిలోనే ఉంది. "గీ గోనె మీద ఏమన్న జేస్కో. కాని పట్నం పోనియ్య" అన్నాడు. సగం గెలిచాను. గోనె మీద వేశాను, ఎండల్లో, మబ్బుల్లో, మొదటి వాన పడి పట్ట నానిపోయేదాకా వేశాను. నడిచి వచ్చి, ఆఖరున ఒక్క మెలిక. భుజం పట్టేసేది, దగ్గు వస్తుందేమోనని ఆగి చూసేవాణ్ణి. దగ్గు రాలేదు.

డాక్టరు సాబ్ దగ్గరకు పోయాను. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "నడుసుకుంటనే. ఉరికితే నా దగ్గరికి రావద్దు" అన్నాడు. బాపుకు ఆ మాటే చెప్పాను. నేను పట్నం బస్సెక్కే రోజున బాపు ఊళ్లో ఉండకుండా మందను తోలుకొని పోయాడు.

కంపెనీ కొలువు ఇంకా ఉంచింది, దానికి దండం. ఆట దగ్గరే కష్టమైంది. పరుగెత్తి వచ్చే మల్లయ్యను ఎరిగినవాళ్లు, నడిచి వచ్చే మల్లయ్యను చూసి ముఖాలు చూసుకున్నారు. దాహం వేళకు పళ్లెంలో గ్లాసులు వస్తే, నేను తాగి పెట్టిన గ్లాసును పనివాడు విడిగా తీసి గడ్డిలో పెట్టేవాడు. ఒకనాడు మా వికెట్ కీపరు అది చూశాడు. నా చేతిలోంచి సగం తాగిన గ్లాసు గుంజుకొని, గటగటా తాగేసి, మూతి తుడుచుకొని, "నిమ్మకాయ తక్కువైంది" అన్నాడు. ఆ తరువాత ఎవరూ గ్లాసు విడిగా పెట్టలేదు. ఆ చలికాలమంతా నా బంతికి వికెట్లు పడ్డాయి. మరుసటి ఏడు దేశం జట్టులో నా పేరు మళ్లీ రేడియోలో చదివారు. సత్తయ్య లేడు. నేను గదిలో ఒక్కణ్ణే నిలబడి విన్నాను.

మద్రాసులో టెస్టు. సముద్రం దాటి వచ్చిన జట్టుతో. యాదమ్మ బాపు వెంటపడి ఆయన్ను పంపించింది, నేను దగ్గితే పట్టుకొచ్చేయమని. అన్నేళ్లు నా ఆట ఒక్కసారీ చూడని మనిషి, ఆ ఉక్కలో భుజాన గొంగడి వేసుకొని, తాడు కట్టిన హద్దు వెనక అగ్గువ ధర టికెట్ల జనంలో కూర్చున్నాడు.

కెప్టెన్ మంచివాడు. అదే నా కష్టం. నాకు కొన్ని ఓవర్లు ఇచ్చేవాడు, నేను కుదురుకునేలోగా భుజం తట్టి, "చాలు, అలసిపోతావు" అని బంతి ఇంకొకరికి ఇచ్చేవాడు. మొదటి రోజు అంతే, రెండో రోజు అంతే. ఆఖరి రోజు మధ్యాహ్నానికి ఇద్దరు బ్యాట్స్‌మన్లు పాతుకుపోయి కూర్చున్నారు. పిచ్ పగిలి ఉంది, బంతి తిరుగుతోంది. నన్ను మళ్లీ ఆపి, దూరంగా తాడు దగ్గర ఫీల్డింగులో నిలబెట్టారు. నాకు అర్థమైంది. జాలి పడి జట్టులో పెట్టుకున్నవాణ్ణి జాలి పడి పంపించేస్తారు. బంతి వేయని బౌలరును మళ్లీ ఎవరు పిలుస్తారు? అడగాలి. అడిగితే 'నీ ఒంటికి మంచిది కాదు' అంటాడు. ఆ మాట ఇంకొకసారి వినే ధైర్యం నాకు లేదు.

వెనక నుంచి బాపు పిలిచాడు.

"ఏమైందిరా? గా బంతి నీ దగ్గర్కెల్లి ఎందుకు గుంజుకున్నరు?"

"గుంజుకోలే బాపు. జర ఆరాం చెయ్యమన్నరు."

"దమ్ము వస్తాందా?"

"లేదు."

"కండ్లు తిరుగుతున్నయా?"

"లేదు బాపు."

బాపు లేచి నిలబడి, తాడు దాకా వచ్చి, నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. అంగట్లో గొర్రెను కొనేముందు చూసే చూపు అది. వెనక జనం కూర్చోమని అరుస్తున్నారు. ఆయన వినలేదు.

"రోగమేం లేకపాయె. మరి గీడెందుకున్నవ్ రా? పొయ్యి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు."

ఓవరు అయిపోయింది. నేను మైదానం నడుమకు నడిచాను, కెప్టెన్ ముందు ఆగి చేయి చాచాను. అతను నా ముఖం చూసి, "నీకు ఫరవాలేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నాకు బాగైంది" అన్నాను. డాక్టరు చెప్పాడు, యాదమ్మ చెప్పింది, ఎక్స్‌రే చెప్పింది గాని, ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అతను బంతి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆట ముగిసేదాకా పిచ్ ఆ కొస నుంచి నేనే వేశాను.